ఫారిన్ సర్వీసు

మా నాన్నగారు ఫారిన్ వెళ్తున్నారని మా మామ్మ ఊరంతా చెప్పేసింది. 1974 సంగతి. నాకప్పుడు పదమూడేళ్ళు.

నాన్నగారు అమలాపురం తాలూకాఫీసులో యూడీసీ, అంటే అప్పర్ డివిజన్ క్లర్కు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చొక్కా మేకుకి తగిలిస్తూ, "నన్ను ఫారిన్ సర్వీసుకి వేశారు" అన్నారు అమ్మతో. వెనక వసారాలో చింతపండు ఈనెలు తీస్తున్న మామ్మ చెవిలో అందులో ఒక్క మాటే పడింది. మర్నాటికల్లా వీధిలో సగం మంది పలకరింపులకి వచ్చేశారు. చివరింటి పిన్నిగారైతే, వచ్చేటప్పుడు తనకో గడియారం తెమ్మని కూడా చెప్పింది. మామ్మ కొత్తావకాయ జాడీలోంచి చిన్న జాడీలోకి తీసి, వాసెన కట్టి, "ఓడలో తిండి సరిపడదట్రా" అని ఏడుపు మొదలెట్టింది.

నాన్నగారు వెళ్ళింది కాకినాడ.

నీళ్ళు దాటి వెళ్ళారన్న మాట మాత్రం నిజమే. అప్పట్లో అమలాపురం నుంచి కాకినాడ పోవాలంటే ముక్తేశ్వరం దాకా బస్సు, అక్కడ రేవులో గోదావరి దాటి అవతల కోటిపల్లి, మళ్ళీ బస్సు. యానాం వేసి ఉన్నా కనీసం ఒకప్పటి ఫ్రెంచి ఊరని చెప్పుకునేవాళ్ళం. కాకినాడని ఫారిన్ అని నమ్మించడం మామ్మ వల్ల కూడా కాలేదు.

గవర్నమెంటు భాషలో ఫారిన్ సర్వీసు అంటే విదేశం కాదు. ప్రభుత్వోద్యోగి, ప్రభుత్వం అనుమతితోనే, ఖజానా నుంచి కాకుండా ఇంకోచోటి నుంచి జీతం తీసుకుంటూ పనిచేస్తే అది ఫారిన్ సర్వీసు. ఫండమెంటల్ రూల్స్‌లో ఉన్న మాట, ఇంగ్లీషువాళ్ళ నాటిది. రోడ్డుకి ఇవతల తాలూకాఫీసు, అవతల కార్పొరేషన్ ఆఫీసు ఉన్నాసరే, రోడ్డు దాటితే ఫారినే. బయట జనం డెప్యుటేషన్ అంటారు. సర్వీస్ రిజిస్టర్లో మాత్రం ఫారిన్ సర్వీసనే రాస్తారు. నాన్నగారి ఎస్సార్‌లో అది ఎర్ర సిరాతో రాసి ఉండేది.

ఆ రోజుల్లో మన రాష్ట్రంలో కార్పొరేషన్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. 1973లో పరిశ్రమలకి స్థలాలు చూపించే ఏపీఐఐసీ వచ్చింది, 1974 ఆఖర్న సివిల్ సప్లైస్ కార్పొరేషన్ వచ్చింది, ఆ ముందూ వెనకా ఇంకా కొన్ని. నాన్నగారు వెళ్ళింది ఎందులోకో చెప్పను, తర్వాత జరిగినదాన్ని బట్టి చెప్పకపోవడమే మర్యాద. కొత్త కార్పొరేషన్ అంటే బోర్డు, బిల్డింగు, స్టాంపు ప్యాడు అన్నీ కొత్తవే గానీ ఫైలు నడపడం తెలిసిన మనుషులు కొత్తగా ఎక్కడ దొరుకుతారు? అందుకని రెవెన్యూ నుంచి కొందర్ని, సహకార శాఖ నుంచి కొందర్ని, ట్రెజరీ నుంచి ఒకర్నీ అరువు తెచ్చుకునేవారు. పైన ఎండీగా ఐఏఎస్ ఆయన. ఆయనా డెప్యుటేషనే. కాకపోతే ఆయన ఎస్సార్ కోసం ఆయన తిరగక్కర్లేదు.

కార్పొరేషన్లో నాన్నగారికి జీతం మీద డెప్యుటేషన్ అలవెన్సు వచ్చేది. అద్దం పరిచిన టేబులు ఇచ్చారు. అన్నిటికన్నా గొప్ప, టేబుల్ మీద టెలిఫోను. తాలూకాఫీసులో అది తాసిల్దారుగారి గదిలో తప్ప ఉండేది కాదు. ఒక దసరా సెలవుల్లో నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళి, "పట్టుకో" అని రిసీవర్ చేతిలో పెట్టారు. నల్లగా, నేననుకున్నదానికి రెండింతలు బరువుగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే గుయ్‌మని మోత. ఎవరికి చెయ్యాలో తెలీదు, మాకు తెలిసినవాళ్ళెవరింట్లోనూ ఫోన్ లేదు. ఆ మోతే కాసేపు విని పెట్టేశాను.

అయిదేళ్ళలో నాన్నగారికి రెండు ఊళ్ళలో రెండు పేర్లు స్థిరపడిపోయాయి. అమలాపురం వస్తే "కార్పొరేషనాయన వచ్చాడు" అనేవారు. కాకినాడలో ఆయన "రెవెన్యూ ఆయన". పండక్కి కార్పొరేషన్ సొంత స్టాఫుకి బోనస్ ఇస్తే, డెప్యుటేషన్ వాళ్ళకి లేదు. ఇంటివాళ్ళు కాదు కదా మరి. అలాగని రెవెన్యూలో ప్రమోషన్ వరస తప్పిపోతుందేమోనని ఆయనకి నిద్ర పట్టేది కాదు. తన వెనకున్నవాడికి మాతృశాఖలో ప్రమోషన్ వస్తే, డెప్యుటేషన్లో ఉన్నవాడికి కూడా కాగితం మీద ఇవ్వాలన్న నియమం ఒకటుంది, నెక్స్ట్ బిలో రూలు అంటారు. మిగతా పిల్లలకి వాళ్ళ నాన్నలు రాత్రిళ్ళు రాజు ఏడుగురు కొడుకుల కథ చెప్పి ఉంటారు. నేను నెక్స్ట్ బిలో రూలు విని పెరిగాను.

లియన్ అంటే ఏమిటని అమ్మ ఒకసారి అడిగింది. "పుట్టింట్లో నీ గదికి తాళం వేసి ఉంచారనుకో, ఎప్పుడెళ్ళినా ఆ గది నీదే. అదే లియన్" అన్నారు నాన్నగారు. అమ్మకి ముగ్గురన్నదమ్ములు, ఆ ఇంట్లో గది సంగతి అలా ఉంచి చాపకే చోటుండేది కాదు. "మీ గవర్నమెంటు మా అన్నయ్యల కంటే నయమే" అంది.

1979లో తిరిగి రెవెన్యూలోకి వచ్చేశారు. అసలు కథ నాలుగేళ్ళ తర్వాత.

1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. తర్వాత మళ్ళీ 58 చేశారు గానీ, అప్పటికి 55 నిండినవాళ్ళు ఆ నెలాఖరుకి ఇళ్ళకి వచ్చేశారు. నాన్నగారు వాళ్ళలో ఒకరు. మామూలుగా అయితే రిటైర్మెంటుకి ముందే పెన్షన్ కాగితాలు మొదలెడతారు. ఇక్కడ మొదలెట్టడానికే వ్యవధి లేదు. హడావిడిగా పంపిన కాగితాలు హైదరాబాద్ ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసు నుంచి అభ్యంతరంతో తిరిగొచ్చాయి: ఫారిన్ సర్వీసు కాలానికి లీవ్ శాలరీ, పెన్షన్ కంట్రిబ్యూషన్లు జమ అయిన చలాన్ల నంబర్లు, తేదీలు పంపాలి.

ఈ చలాన్ల సంగతి కొంచెం చెప్పాలి. అరువు తీసుకున్న సంస్థ జీతమిచ్చి ఊరుకుంటే చాలదు. ఆ మనిషికి రేపు పెన్షన్ ఇవ్వాల్సింది ప్రభుత్వం కాబట్టి, ఆ కాలానికి తన వాటాగా ఇంతని ట్రెజరీలో కట్టాలి. కట్టిన చలాను వివరం ఎస్సార్‌లోకి ఎక్కాలి. కట్టారా లేదా అన్నది, కట్టేవాడికీ పట్టదు, పుచ్చుకునేవాడికీ పట్టదు. ఆ మనిషి రిటైరయ్యే రోజునే అందరికీ గుర్తొస్తుంది.

ప్రొవిజనల్ పెన్షన్ కొంత వస్తుండేది. దాంతోనే ఇల్లు. నాకు డిగ్రీ అయి ఏడాది. తపాలా తంతి శాఖలో అప్పట్లో క్లర్కుల్ని మార్కుల మీద తీసుకునేవారు, నా ఇంటర్ మార్కులు అక్కరకొచ్చాయి. ఆ ఏడాది ఆఖరికి రాజమండ్రిలో టెలిఫోన్ రెవెన్యూ సెక్షన్లో చేరాను. చిన్నప్పుడు గుయ్‌మన్న మోత విన్న పిల్లకి, ఇప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరి ఫోన్ బిల్లులే పని.

ఆ చలాన్ల కోసం నాన్నగారు కాకినాడ ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. ఒకసారి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ఆఫీసు వేరే బిల్డింగ్‌లోకి మారింది. నాన్నగారిని గుర్తుపట్టినవాడు అటెండరొక్కడే. మేనేజరు సీట్లో ఉన్నాయన కుర్రవాడు, మంచివాడే. "నేనొచ్చాక జరిగినవి కావండి ఇవి" అన్నాడు. అకౌంట్స్ చూసినాయన ఏడండీ అంటే, ఆయన ఎప్పుడో మాతృశాఖకి వెళ్ళిపోయాడు. ఆయన ముందాయనా అంతే. అందరూ అరువు మనుషులే. వాళ్ళ వాళ్ళ చలాన్ల సంగతి ఏమైందోనని నాకు ఆ క్షణంలో అనిపించింది.

మెట్ల కింద చిన్న గది. అందులో రుమాళ్ళలో కట్టిన ఫైళ్ళ కట్టలు, మూలగా విరిగిన కుర్చీల మీద. అటెండరు లాంతరు పట్టుకుంటే, నాన్నగారు పంచె ఎగ్గట్టి కింద కూర్చుని ఒక్కో కట్టా విప్పారు. ఎలక పిల్లలున్న కట్ట ఒకటి నా చేతిలో విచ్చుకుంటే నేను గట్టిగా అరిచాను, పైనుంచి మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. రెండు గంటలు పట్టింది. ఒక ఫైల్లో, అంచులు కొరికేసిన పల్చటి చలాన్లు, ట్రెజరీ ముద్రతో. ఒక్కోదానిమీదా నాన్నగారి పేరు ఎవరిదో వంకర చేతిరాతలో ఉంది. మూడేళ్ళవి ఉన్నాయి. మిగతావి లేవు. లేకపోవడం కాదు, అసలు కట్టనే లేదు.

నాన్నగారు ఆ చలాన్లని మోకాలి మీద పెట్టుకుని, చేత్తో మడతలు సవరించుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. మొత్తం కలిపి చూస్తే అదేం పెద్ద డబ్బు కాదు, నా మూడు నెలల జీతం రాదు. "చూశావుటే, నా ఫారిన్ సొమ్ము" అన్నారు.

మిగతాది కట్టించడానికి, కట్టినట్టు ఏజీకి తెలియజేయడానికి, తెలియజేసినట్టు మళ్ళీ ఇక్కడికి తెలియడానికి మరో ఏడాది పైన పట్టింది. పీపీవో, అంటే పెన్షన్ చెల్లించమన్న ఆర్డరు, 1985లో వచ్చింది. అప్పట్నించి మా ఇంట్లో ప్రతి కాగితానికీ మూడు కాపీలు. పాల కార్డుకి కూడా.

మా శాఖ కూడా 1985లోనే చీలింది, పోస్టాఫీసులు ఒకవైపు, టెలికాం ఒకవైపు. మరుసటేడు ఢిల్లీ, బొంబాయి ఫోన్లని ఎంటీఎన్ఎల్ అనే కంపెనీ చేశారు, విదేశీ కాల్స్ చూసే విభాగాన్ని వీఎస్ఎన్ఎల్ చేశారు. అవేవో పెద్ద ఊళ్ళ గొడవలని మేం పట్టించుకోలేదు. మా సెక్షన్లో అప్పటి గొడవలు వేరు: లెడ్జర్లు, డిస్కనెక్షన్ లిస్టులు, ఎక్కువ డిపాజిట్ కట్టి ముందుగా తీసుకునే ఓవైటీ కనెక్షన్ కోసం కూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకుని వచ్చేవాళ్ళు.

2000 సంవత్సరం వచ్చేసరికి ఆ కంపెనీ గొడవ మా గుమ్మంలోకే వచ్చింది. సెప్టెంబర్లో సమ్మె. నినాదాల్లో చాలా ఉన్నాయి గానీ అందరి మనసులోనూ ఉన్నది పెన్షనొక్కటే: కంపెనీ అయ్యాక దాన్ని ఎవరిస్తారు? అక్టోబర్ 1 నుంచి మేం భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్. ముందురోజు సెప్టెంబర్ 30న పెన్షన్ రూల్స్‌లో 37-ఏ అని కొత్తగా ఒకటి చేర్చారు, కంపెనీలో కలిసిపోయినవాళ్ళకి పాత సర్వీసూ కొత్త సర్వీసూ కలిపి ప్రభుత్వమే పెన్షన్ ఇస్తుందని.

మమ్మల్ని బదిలీ చేసిన ఆర్డర్లో ఒక మాట ఉంది, "యాజ్ ఈజ్ వేర్ ఈజ్" పద్ధతి మీద అని. ఎక్కడున్నవాళ్ళు అక్కడ, ఎలా ఉన్నవాళ్ళు అలా. ఆ మాట మాకు బాగా పరిచయమే, కండెమ్ చేసిన జీపులు వేలం వేసేటప్పుడు టెండర్ నోటీసులో రాసేవాళ్ళం. దాన్ని పట్టుకుని క్యాంటీన్లో ఒక వారం నవ్వుకున్నాం. మా హోదా పేరు "డీమ్డ్ డెప్యుటేషన్". అంటే డెప్యుటేషన్ మీద వెళ్ళినట్టు అనుకోవాలన్నమాట, అలవెన్సు మాత్రం లేదు. కుర్చీ మారలేదు, టేబుల్ మారలేదు, ఫ్యాను కింద ఎవరు కూర్చోవాలన్న తగువూ మారలేదు. బయట బోర్డు మీద పాత అక్షరాలకి రంగు పూసి కొత్తవి రాశారు. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు కింద పాతవి కనిపిస్తూనే ఉండేవి. ఊళ్ళో జనమైతే ఇప్పటికీ టెలిఫోన్ డిపార్టుమెంటనే అంటారు.

అసలు ప్రశ్న రెండేళ్ళకి చేతికొచ్చింది. ఆప్షన్ ఫారం. కంపెనీలో కలిసిపోతారా, ప్రభుత్వంలోనే ఉంటారా? ఉంటామంటే సర్‌ప్లస్ సెల్‌లో పెట్టి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపిస్తారు. ఏ ఊరో, ఏ శాఖో తెలీదు. కలిసిపోతే జీతం స్కేళ్ళు మారతాయి, డీఏ ఆర్నెల్లకి కాకుండా మూణ్ణెల్లకి మారుతుంది, జీపీఎఫ్ అలాగే ఉంటుంది. లెక్క వేస్తే కలవడమే లాభం. కానీ ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వీఎస్ఎన్ఎల్‌ని టాటాల చేతికి ఇచ్చారు. పదహారేళ్ళ కిందట పెద్ద ఊళ్ళ గొడవ అనుకున్నది కళ్ళముందే ఉంది. మావారు టీచరు, "ఆలోచించుకో" అన్నారు. ఆ మాట నాకూ తెలుసు.

ఫారం నాన్నగారి ముందు పెట్టాను. ఆయనకప్పటికి డెబ్భై అయిదు, మాతోనే రాజమండ్రిలో ఉండేవారు. వీధరుగు మీద కుర్చీ వేయించుకుని, భూతద్దం తెప్పించుకుని, 37-ఏ మొత్తం వేలు పెట్టి చదివారు. ఒక్కో సబ్‌రూల్ దగ్గర ఆగడం, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవడం. జీతం సంగతి అడగలేదు. డీఏ సంగతి అడగలేదు. కంపెనీ అమ్మేస్తే ఏంటని కూడా అడగలేదు. గంట తర్వాత భూతద్దం పక్కన పెట్టి అడిగింది ఒక్కటే.

"పెన్షన్ కంట్రిబ్యూషన్ ఎవరు కడతారు?"

"కంపెనీ కడుతుంది నాన్నగారూ, ప్రభుత్వానికి."

"కట్టకపోతే?"

నాకు జవాబు తెలీలేదు. మళ్ళీ రూలు తీశారు. ఈసారి తొందరగానే తేల్చారు. "ఇచ్చేది గవర్నమెంటేనని రాసి ఉంది. కట్టినా కట్టకపోయినా అది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి. నీ చేత చలాన్లు వెతికించరు. సంతకం పెట్టు."

లోపల్నించి అమ్మ వచ్చి కూర్చుంది. "అయితే పుట్టింట్లో గది తాళం ఇచ్చేసినట్టేనా?" అంది. ఇరవై ఏడేళ్ళ కిందటి మాట, అమ్మకి బాగానే గుర్తుంది. నాన్నగారు నవ్వలేదు. "ఇచ్చేసినట్టే. కానీ పసుపు కుంకుమ మాత్రం పుట్టింటివాళ్ళే పంపిస్తారు" అన్నారు.

మా ఆఫీసులో దాదాపు అందరం సంతకాలు పెట్టాం. పైస్థాయి ఐటీఎస్ (ఇండియన్ టెలికాం సర్వీసు) ఆఫీసర్లలో చాలామంది మాత్రం ఏళ్ళ తరబడి డీమ్డ్ డెప్యుటేషన్లోనే ఉండిపోయారు. వాళ్ళ లెక్కలు వాళ్ళవి. వాళ్ళ పుట్టిళ్ళు కూడా మా వాటికంటే పెద్దవి.

కొన్నాళ్ళకి ఒక్కొక్కరి పేరనా ఆర్డరు వచ్చింది, ప్రెసిడెన్షియల్ ఆర్డర్ అనేవాళ్ళం, రాష్ట్రపతి పేరు మీద ఇచ్చింది. 1-10-2000 నుంచే నేను కంపెనీ మనిషినని అందులో ఉంది. అంటే నేను మారిపోయానని మారిన రెండేళ్ళకి పైన తెలిసిందన్నమాట. నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివి, "రాష్ట్రపతి చేత రాయించుకున్నావు, నాకు సూపర్నెంటు సంతకమే గగనమయ్యేది" అని, జిరాక్సుకి స్వయంగా వెళ్ళారు. మూడు కాపీలు.

ఆయన 2009లో పోయారు. ఎస్సార్ జిరాక్సు, ఆ కొరికిన చలాన్లు, నా ఆర్డరు కాపీ ఒకటి, అన్నీ ఆయన రేకుపెట్టెలోనే ఉన్నాయి.

2020 జనవరి నాకు రెండు వైపుల నుంచీ గుర్తు. ఒకటో తారీఖున మా పైవాటాలో ఉండే ఆర్టీసీ డ్రైవరుగారు ప్రభుత్వోద్యోగి అయ్యారు. ఆయనతో పాటు ఆంధ్రాలో యాభై వేల మందికి పైగా. ఆర్టీసీదీ చిత్రమైన ప్రయాణమే. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలై, సర్కారు శాఖగా ఉండి, 1958లో కార్పొరేషన్ అయి, మళ్ళీ సర్కారులోకి ఆ సిబ్బంది. అదే నెల ముప్ఫై ఒకటిన నేను వీఆర్ఎస్ తీసుకుని బయటికొచ్చాను. యాభై దాటినవాళ్ళకి ఇచ్చిన ఆ పథకంలో దేశం మొత్తం మీద బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల పైచిలుకు మంది ఒక్కరోజే దిగిపోయాం. మా సెక్షన్లో ఆ సాయంత్రం దండలు వేసేవాళ్ళ కంటే వేయించుకునేవాళ్ళే ఎక్కువ. ఆఖరికి ఒకరి దండ తీసి ఒకరికి వేసుకున్నాం.

ఆ వారంలోనే ఒక రాత్రి డ్రైవరుగారు కిందికొచ్చారు, చేతిలో జీవో ప్రింటు. యూనిఫాం అదే ఖాకీ.

"అక్కగారూ, మీరిలాంటివి చూశారు కదండీ. మా పాత సర్వీసు సంగతి ఇందులో ఏవన్నా ఉందాండి?"

చదివాను. చదివి, రేకుపెట్టె దించమని మావారికి చెప్పాను. నాన్నగారి చలాన్లు ఆయన చేతిలో పెట్టి, ఇవి ఎందుకు దాచామో చెప్పాను. ఆయన వాటిని దీపం కేసి పెట్టి, ఎలక కొరికిన అంచులు వేలితో తడిమి చూశారు. పీఎఫ్ స్లిప్పులు, పాత పే స్లిప్పులు ఏవీ పారేయొద్దని, అన్నీ మూడేసి కాపీలు తీయించమని చెప్పాను.

"ఆయ్, అలాగేనండి" అన్నారు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఇటు నుంచి అటెళ్తే ఫారిన్ సర్వీసన్నారు కదండీ. మరి మాలాగ అటు నుంచి ఇటొస్తే ఏవంటారండి?"

నాకు తెలీదన్నాను. నాన్నగారుంటే రూలు నంబరుతో సహా చెప్పేవారు.

"సర్లెండి, పొద్దున్నే నాలుగున్నర బండి" అని ఆయన పైకెళ్ళిపోయారు.